200 పుస్తకాలు పంపాలి: పోస్టా, కొరియరా?

తెనాలి_సుధ
మా అమ్మ రాసిన కథలు 23 ఉన్నాయి. కొన్ని పత్రికల్లో వచ్చాయి, చాలావరకు నోటు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. అమ్మ పోయి రెండేళ్ళయింది. మొన్న ఉగాదికి అన్నీ కలిపి పుస్తకం వేయించాను. 500 కాపీలు, 200 పేజీలు, వెల 150 రూపాయలు. వాట్సాప్‌లో అట్ట ఫోటో పెడితే నాలుగు రోజుల్లో 200 మంది కావాలన్నారు. సంతోషమే, కానీ ఎలా పంపాలో తేలక వారం నుంచి ఒకటే టెన్షన్.

మా ఊళ్ళో ఒక కొరియర్ ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కడికైనా ఒక్కోదానికి 80, బెంగళూరు, చెన్నైలకు 110 అన్నారు. నా జాబితాలో 31 పిన్‌కోడ్‌లకు అసలు సర్వీసే లేదట. అవి ఎక్కువగా పార్వతీపురం, రంపచోడవరం, ఆసిఫాబాద్ వైపు ఊళ్ళు. నిజానికి పుస్తకం కావాలని ముందుగా ఫోన్ చేసి అడిగింది ఆ ఊళ్ళవాళ్ళే.

150 రూపాయల పుస్తకానికి 80 రవాణా ఖర్చు ఎవరి దగ్గర తీసుకోను? పోస్టులో పంపితే ఎన్నాళ్ళకు చేరుతుంది? పుస్తకాలకు తక్కువ రేటుతో బుక్ పోస్ట్ అని ఒకటి ఉండేది, ఇప్పుడు ఉందా? పుస్తకం బరువు 235 గ్రాములు, వంటింట్లో ఉన్న చిన్న కాటా మీద తూచాను.

గోదారి_గట్టు
కొరియర్‌కే ఇచ్చేయండి. 80 ఎక్కువే, కాదనను. కానీ ఇవాళ ఇస్తే రేపో ఎల్లుండో చేతికొస్తుంది, ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది. నేను రాజమండ్రి నుంచి హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయికి నెలకు రెండుసార్లు పంపుతాను, ఒక్కటి కూడా పోలేదు.

మన్యం_మాస్టారు
రేపో ఎల్లుండో చేరేది హైదరాబాద్‌కి. మా ఊరికి కాదు. నేను పార్వతీపురం అవతల కొండ కింద బడిలో పనిచేస్తున్నాను. కొరియర్‌లో ఏదైనా వస్తే ఫోన్ వస్తుంది: "సార్, మీ పార్సెల్ వచ్చింది, టౌనుకి వచ్చి తీసుకెళ్ళండి." టౌను నాకు 34 కిలోమీటర్లు. ఆదివారం వెళ్తే ఆఫీసు ఉండదు, మామూలు రోజు వెళ్తే బడి పోతుంది. పోస్టులో వచ్చిందైతే బ్రాంచి పోస్టాఫీసు నుంచి వచ్చే అమ్మాయి స్కూటీ మీద తెచ్చి బడి గుమ్మంలో ఇచ్చి, సంతకం తీసుకుని పోతుంది. రెండు రోజులు ఆలస్యమైతే ఏమైంది, కథలేమీ పాడైపోవు కదా.

సుధ గారూ, ఆ 31 లో మా మండలం ఉంటే అందులో ఒకటి నాదే.

తెనాలి_సుధ
ఉంది మాస్టారూ. మీ పేరు జాబితాలో నాలుగోది.

పుస్తకాల_పురుగు
రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారండీ. చిన్న ప్రచురణకర్తలంతా అప్పుడు గోలపెట్టారు. పుస్తకం వెలకు, పంపే ఖర్చుకు పొంతన లేకుండా పోయింది మరి.

పాత_పోస్టుమాస్టరు
నేను తపాలా శాఖలో 36 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. బ్రాంచి ఆఫీసులూ చూశాను, హెడ్ పోస్టాఫీసు కౌంటరూ చూశాను. సుధమ్మా, కాస్త నిదానంగా చదువు.

పుస్తకాల పురుగు గారు చెప్పింది నిజమే, కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాలకే ప్రత్యేకంగా పెట్టారు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఎంత ఎక్కువైనా 5 కిలోలకు 100 రూపాయలు, పైన పన్ను. దూరంతో సంబంధం లేదు. తెనాలి నుంచి గుంటూరుకైనా గువాహటికైనా ఒకటే. నంబరు ఇస్తారు, ఎక్కడుందో చూసుకోవచ్చు. కాకపోతే విమానం ఎక్కదు. రైల్లో, మెయిల్ వ్యానులో నేల మీదే వెళ్తుంది కాబట్టి తొందర ఉన్నవాళ్ళకు పనికిరాదు.

తొందర ఉంటే స్పీడ్ పోస్ట్. 1986 ఆగస్టు 1న మొదలైంది, నేను అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరాను. 2025లో పాత రిజిస్టర్డ్ పోస్టును కూడా దీన్లోనే కలిపేశారు. అక్టోబరు 1 నుంచి రేట్లు మారాయి. నీ పుస్తకం ప్యాకింగ్‌తో 251 నుంచి 500 గ్రాముల మధ్య తూగితే అదే ఊళ్ళో 28, 200 కిలోమీటర్ల లోపు 70, 500 లోపు 75, 1000 లోపు 82, 2000 కిలోమీటర్లు దాటితే 93. వీటి మీద 18 శాతం జీఎస్టీ. అంటే తెనాలి నుంచి హైదరాబాద్‌కు 88 రూపాయల 50 పైసలు. కొరియర్ వాడు చెప్పిన 80 కంటే ఎక్కువే, దాచడం ఎందుకు. దగ్గర ఊళ్ళకు, పట్నాలకు స్పీడ్ పోస్ట్ చవక అనుకోవద్దు. తేడా అంతా జ్ఞాన్ పోస్ట్ దగ్గరే ఉంది.

పుస్తకాల_పురుగు
నాకు తెలియనిది చెప్పారు బాబాయ్, థాంక్స్. కానీ జ్ఞాన్ పోస్ట్ పాఠ్యపుస్తకాలకే కదా? కథల పుస్తకం తీసుకుంటారా?

పాత_పోస్టుమాస్టరు
పాఠ్యపుస్తకాలకే అన్నది సగమే నిజం. విద్య, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలు కూడా వస్తాయి. కుదరనివి ఏమిటంటే వారం వారం, నెల నెలా వచ్చే పత్రికలు, వ్యాపార ప్రకటనలున్నవి. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. సుధమ్మా, నీ పుస్తకంలో ప్రెస్సు పేరు వేయించావా?

తెనాలి_సుధ
వేయించాను. రెండో పేజీలో ప్రెస్సు పేరు, ఊరు ఉన్నాయి. ప్రచురణ అన్నచోట అమ్మ పేరే పెట్టాను.

పాత_పోస్టుమాస్టరు
ఇక దిగులు లేదు.

పాలమూరు_శ్రీను
పోస్టాఫీసు మంచిదే గానీ టైమింగ్స్‌తోనే తిప్పలు. నేను డ్యూటీ దిగేసరికి ఆరు దాటుతుంది, అప్పటికి కౌంటర్ బంద్. కొరియర్ షాపు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది. నాలాంటోడు ఎప్పుడు పోవాలె?

పాత_పోస్టుమాస్టరు
పెద్ద రైల్వే స్టేషన్ల దగ్గర ఆర్‌ఎంఎస్ (రైల్వే మెయిల్ సర్వీసు) ఆఫీసులు ఉంటాయి శ్రీనూ. కొన్నిచోట్ల అక్కడ బుకింగ్ రాత్రి వరకూ నడుస్తుంది. మీ ఊళ్ళో ఉందో లేదో ఒకసారి కనుక్కో. చిన్న ఊళ్ళ సంగతి నువ్వన్నట్టే. బ్రాంచి ఆఫీసు రోజుకు నాలుగైదు గంటలే పనిచేస్తుంది.

హైదరాబాదీ_హరిత
నా అనుభవం వినండి. ఒక పెద్ద ప్రైవేటు కొరియర్, పేరెందుకులెండి. మా అత్తగారి కళ్ళజోడు రావాలి. నేను రోజంతా ఇంట్లోనే ఉన్నాను, తలుపు తీసే ఉంది. సాయంత్రం నాలుగింటికి మెసేజ్: "ఇంటికి తాళం, డెలివరీ కుదరలేదు." మర్నాడూ అదే. మూడోరోజు నేనే ఆ గోడౌన్‌కి వెళ్ళి గుట్టల్లో వెతికించి తెచ్చుకున్నాను. ఆ రెండు రోజులూ ఆవిడ పేపరు చదవలేక ఎంత ఇబ్బంది పడిందో. ఫోన్‌లో ఎక్కడుందో కనబడినంత మాత్రాన చేతికొచ్చినట్టు కాదు గోదారి గట్టు గారూ.

గోదారి_గట్టు
అది ఆ కుర్రాడి తప్పు అయ్యుంటుందమ్మా. ఒకటి అరా అన్నిచోట్లా జరుగుతాయి.

డెలివరీ_తమ్ముడు
ఆ కుర్రాళ్ళలో నేనూ ఒకడినే, మూడేళ్ళుగా ఇదే పని. మా వైపు నుంచి కూడా చెప్పనివ్వండి.

మాకు జీతం కాదు, పార్సెల్ లెక్కన ఇస్తారు. నాకు ఒక్కోదానికి 14 రూపాయలు. పెట్రోలు నాదే, బండి నాదే. టౌనులో ఒక అపార్ట్‌మెంట్‌లోకి వెళ్తే పదిహేను నిమిషాల్లో ఎనిమిది అయిపోతాయి. 12 కిలోమీటర్ల అవతల ఊళ్ళో ఒక్క పార్సెల్ ఉంటే, వెళ్ళి రావడానికి పెట్రోలుకే 14 దాటిపోతుంది. అందుకే మాస్టారికి "టౌనుకి రండి" అని ఫోన్ చేస్తాం. పొగరు కాదు సార్, గిట్టదు. హరితక్క చెప్పిన తాళం మెసేజ్ మాత్రం తప్పే, నేను సమర్థించను. సాయంత్రంలోగా లిస్టు ఖాళీ చూపించకపోతే పైవాళ్ళు ఊరుకోరు, కొందరు అలా నొక్కేస్తారు.

పోస్టాయనకు ఆ ఊరు తన బీటు. పార్సెల్ ఉన్నా ఒక్క ఉత్తరమే ఉన్నా వెళ్ళాలి. అదే తేడా.

మన్యం_మాస్టారు
తమ్ముడూ, నీ మాటతో నాకు సగం కోపం పోయింది. ఈసారి ఫోన్ వస్తే విసుక్కోను.

హైదరాబాదీ_హరిత
14 రూపాయలేనా? మేం షాపింగ్ చేసేటప్పుడు ఫ్రీ డెలివరీ అని చూసుకుంటాం గానీ ఇది ఎప్పుడూ ఆలోచించలేదు.

బెజవాడ_పచ్చళ్ళు
పుస్తకాల మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మేం ఆవకాయ, గోంగూర, కారప్పొళ్ళు పంపుతాం. మాకు మాత్రం ప్రైవేటే. ఇంటికొచ్చి తీసుకెళ్తారు, విదేశాలకు వాళ్ళే కాగితాలు రాస్తారు. పోస్టులో నూనె కారే వస్తువు అంటే కౌంటర్లోనే అనుమానంగా చూస్తారు. చూడరూ మరి, సీసా పగిలితే ఆ సంచిలో ఉన్న మిగతావాళ్ళ ఉత్తరాలు ఏం కాను?

కానీ ఒకటి జాగ్రత్త. కొరియర్ వాళ్ళు బరువు ఒక్కటే చూడరు, పెట్టె సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఏ బరువు ఎక్కువైతే దానికే డబ్బు. ఒకసారి మూడు కిలోల పచ్చడిని పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 30 సెంటీమీటర్లున్న పెట్టెలో పెట్టి తీసుకెళ్ళాను. 27000ని 5000తో భాగిస్తే 5.4 కిలోలకు బిల్లు వేశారు. దాదాపు రెండున్నర కిలోల గాలికి డబ్బు కట్టాను. అప్పట్నుంచి పెట్టెలు కొలిచి కొంటున్నాం.

పుస్తకాల_పురుగు
సుధ గారూ, మీ పుస్తకం వీళ్ళ పార్సెల్ పక్కన పడకుండా చూసుకోండి. కథల నిండా ఆవకాయ ఘుమఘుమ.

బెజవాడ_పచ్చళ్ళు
అలా పడితే రెండో ముద్రణ కూడా వెంటనే అయిపోతుంది చూడండి.

న్యూజెర్సీ_నాగు
ఇక్కడ అమెరికాలో కూడా ఇదే వాదన. డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి తెలుగు పుస్తకాలు పంపాలంటే నేను ప్రైవేటు కంపెనీల వైపు చూడను. ఇక్కడి పోస్టాఫీసులో మీడియా మెయిల్ అని ఉంది, పుస్తకాలకు చవక రేటు. నెమ్మదిగా వెళ్తుంది. వేరే వస్తువులు పెట్టకూడదు, అనుమానమొస్తే విప్పి చూస్తారు. పాత పోస్టుమాస్టరు గారు చెప్పిన జ్ఞాన్ పోస్ట్‌కు అన్నలాంటిది.

ఇండియా నుంచి ఇక్కడికి మాత్రం ముందుగా అడిగి పంపండి. 2025 ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సెళ్ళు తీసుకోవడం ఆపేశారు, ఇక్కడి సుంకం నిబంధనలు మారడంతో. మళ్ళీ అక్టోబరు 15న మొదలుపెట్టారు. మా అమ్మ పంపాల్సిన కజ్జికాయలు దసరాకి రాలేదు. సుధ గారూ, నాకు రెండు కాపీలు కావాలి, కానీ పోస్టు వద్దు. మా చెల్లి జులైలో వస్తోంది, గుంటూరులో తనకిస్తే చాలు.

తెనాలి_సుధ
అలాగే నాగు గారూ. మీ చెల్లెలి ఫోన్ నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి.

చీరాల_నేతక్క
నేను ఏడేళ్ళుగా చీరలు పంపుతున్నాను, పోస్టులోనూ కొరియర్‌లోనూ. సుధా, ఎందులో పంపినా ప్యాకింగ్ సరిగ్గా ఉంటే సగం గెలిచినట్టే. కాస్త వివరంగా రాస్తాను.

పుస్తకాన్ని ముందు పలచటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి నోరు అంటించాలి. ఇది మానొద్దు. వానాకాలంలో సంచులు దింపేచోట నేల తడిగా ఉంటుంది. పుస్తకానికి కింద ఒకటి, పైన ఒకటి అట్టముక్కలు పెట్టు. పుస్తకం కంటే వేలెడు పెద్దవి కోసుకో. పార్సెల్ కింద పడితే ముందు దెబ్బ తినేది మూలలే, అట్ట ముందుకొచ్చి ఉంటే అది నలుగుతుంది గానీ పుస్తకం నలగదు. కిరాణా షాపులో బిస్కెట్ల పెట్టెలు అడిగితే ఊరికే ఇస్తారు. ఆ పైన గోధుమరంగు కాగితం చుట్టి, టేపు పొడుగ్గా ఒక చుట్టు, అడ్డంగా ఒక చుట్టు. అంతకంటే వద్దు. టేపు కూడా తూగుతుంది.

ఎడ్రస్ చెరగని మార్కర్‌తో రాసి, దాని మీద అక్షరాలు కనిపించే ట్రాన్స్‌పరెంట్ టేపు వెయ్యి. నీళ్ళు పడ్డా అక్షరం పోదు. ఇంకో చీటీ మీద అదే ఎడ్రస్ రాసి పుస్తకం మొదటి పేజీలో పెట్టు. పై కాగితం చిరిగిపోయినా లోపలి చీటీ చూసి పంపుతారు. నాకు ఒకసారి అలాగే చీర చేరింది. సెల్ నంబరు మాత్రం తప్పనిసరి.

ఇంకోటి. అన్నీ కట్టేముందు ఒక్కటి కట్టి తూచు. 300 దాటిందో మెట్టు మారుతుంది. 200 పుస్తకాల మీద ఆ తేడా చిన్నది కాదు.

తెనాలి_సుధ
అక్కా, ఇప్పుడే ఒకటి కట్టి తూచాను. దళసరి అట్టతో 312 వచ్చింది! పలచటి అట్ట పెట్టి, టేపు తగ్గించి మళ్ళీ కడితే 284. మూలల దగ్గర మాత్రం రెండు పొరలు వేశాను.

చీరాల_నేతక్క
అంతే. ఇక అదే కొలతకు మిగతావన్నీ కోసేయ్.

పాలమూరు_శ్రీను
మా దిక్కు ఒకే ఊరికి ముప్పై నలభై కాపీలుంటే బస్సులో వేస్తారు. ఆర్టీసీ పార్సెల్ కౌంటర్లో ఇస్తే పొద్దుగాల ఎక్కించింది రాత్రికల్లా దిగుతుంది. ఇంటికి రాదు, బస్టాండుకు పోయి తెచ్చుకోవాలె. హైదరాబాద్‌లో మీకు తెలిసినోళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క పెట్టె పంపండి, అక్కడి నుంచి వాళ్ళు లోకల్ స్పీడ్ పోస్ట్ చేస్తే 28 ప్లస్ పన్నే కద.

హైదరాబాదీ_హరిత
శ్రీను చెప్పింది బాగుంది. జ్ఞాన్ పోస్ట్‌కి ఆగలేనివాళ్ళు హైదరాబాద్‌లో ఎంతమంది ఉంటే అన్ని నాకు పంపండి సుధ గారూ, నేను చేసిపెడతాను. డబ్బు లెక్క తర్వాత చూసుకుందాం.

గోదారి_గట్టు
అన్నీ బాగానే ఉన్నాయి. పోతే ఏం చేస్తారు? కొరియర్ అయితే గట్టిగా అడగొచ్చు.

పాత_పోస్టుమాస్టరు
అడగొచ్చు, కానీ ఏమిస్తారో రసీదు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఎప్పుడైనా చదివారా? నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు స్పీడ్ పోస్ట్ పోతే కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది ఇచ్చేవాళ్ళం. అంటే ఎవరూ పూర్తి వెల ఇవ్వరు. నగలు, సెల్‌ఫోన్లలాంటివి ఎందులో పంపినా బీమా చేయించాలి. 150 రూపాయల పుస్తకానికి అక్కర్లేదు. 200లో రెండు పోయాయే అనుకో, మళ్ళీ రెండు పంపినా 80 చొప్పున కట్టినదానికంటే ఎంతో తక్కువే అవుతుంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. పోస్టులో పోయాయనుకున్న వాటిలో ఎక్కువ పోయినవి కావు, ఎడ్రస్ సరిగా లేనివి. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆరంకెల్లో మొదటి అంకె ప్రాంతం, మూడంకెలు కలిస్తే సార్టింగ్ జిల్లా, చివరి మూడు పోస్టాఫీసు. పల్లెల్లో ఒకే పిన్ కింద పది పన్నెండు బ్రాంచి ఆఫీసులుంటాయి. అందుకే ఊరి పేరు కింద బ్రాంచి పోస్టాఫీసు పేరు కూడా రాయాలి. పాతకాలంలో 'వయా' అని రాసేవాళ్ళు, ఊరికే కాదు. సార్టింగులో ఉన్నవాడికి అది దారి చూపించేది.

పుస్తకాల_పురుగు
బాబాయ్, వీపీపీ గురించి కూడా చెప్పండి. మా తాతయ్య పంచాంగాలు, వైద్య గ్రంథాలు అన్నీ వీపీపీలోనే తెప్పించుకునేవాడు.

పాత_పోస్టుమాస్టరు
అది ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీకి తాత. మన దేశంలో 1877లోనే వచ్చింది. పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టి పార్సెల్ తీసుకోవాలి, ఆ డబ్బు మనియార్డరుగా పంపినవాడికి చేరుతుంది. నేను బ్రాంచిలో ఉన్నప్పుడు ఒక ముసలాయన వీపీపీ వచ్చిందంటే నాలుగు రోజులు గడువు అడిగేవాడు. పత్తి డబ్బు రాగానే వచ్చి చిల్లర లెక్కపెట్టి కట్టి, అక్కడే అరుగు మీద కూర్చుని కట్టు విప్పేవాడు. లోపల పుస్తకమే ఉండేది, ప్రతిసారీ.

తెనాలి_సుధ
చెప్పడానికి వచ్చాను. పోయిన గురువారం మొదటి విడత 60 పంపాను. కౌంటర్లో అమ్మాయి ముందు స్పీడ్ పోస్టా అని అడిగింది. పైన పెద్ద అక్షరాలతో జ్ఞాన్ పోస్ట్ అని రాసి ఉండటం చూసి, పక్కాయన్ని ఒకమాట అడిగి, ఒక్కోటి తూచి చీటీలు అంటించింది. గంటంబావు పట్టింది. వెనక ఉన్నవాళ్ళు విసుక్కుంటారేమోనని మధ్యలో రెండుసార్లు పక్కకు జరిగాను. ఒక్కోదానికి పన్నుతో 23 రూపాయల 60 పైసలు. 60 పుస్తకాలకు 1416 అయింది. కొరియర్‌లో అయితే అన్నిటికీ 80 చొప్పున చూసినా 4800.

ఈరోజుకు 41 చేరినట్టు చూపిస్తోంది. బెంగళూరువి ఇంకా దారిలోనే ఉన్నాయి. అర్జెంటుగా కావాలన్న ఆరుగురికి కొరియర్‌లోనే పంపాను, వాళ్ళకు రెండో రోజే అందాయి. అది కూడా చెప్పాలి కదా గోదారి గట్టు గారూ.

గోదారి_గట్టు
సంతోషమమ్మా. నాకూ ఒక కాపీ పంపు. జ్ఞాన్ పోస్ట్‌లోనే, తొందరేం లేదు.

మన్యం_మాస్టారు
పుస్తకం నిన్న మధ్యాహ్నం వచ్చింది. ఒక మూల కాస్త నలిగింది, లోపల ఏమీ కాలేదు. చీటీ మొదటి పేజీలోనే ఉంది. ఏడో తరగతి పిల్లలకు బావి కథ చదివి వినిపించాను. మీ అమ్మగారు చేద తాడు తెగినచోట ఆపేశారు కదా, పిల్లలు "తర్వాత ఏమైంది" అని బెల్లు కొట్టేదాకా వదల్లేదు.

తెనాలి_సుధ
మాస్టారూ, ఆ కథ అమ్మ ఎక్కడికీ పంపలేదు, నోటు పుస్తకంలోనే ఉండిపోయింది.

మిగతావి సోమవారం పంపుతాను. కరీంనగర్ జిల్లా నుంచి అడిగిన ఒకాయన పిన్‌కోడ్‌లో ఐదంకెలే రాశారు, ఫోన్ కలవడం లేదు. ఈ చర్చ చూస్తే ఆరో అంకె నాకు పంపండి. మీ పార్సెల్ కట్టేసి పక్కన పెట్టాను.